కరెంటు సామాన్లు – అమ్మకపు పన్ను : వర్గీకరణలో నేను నేర్చుకున్న పాఠం

కామర్సు విద్యార్థులమైన మనకు పన్నుల పేపరులో సెక్షన్లు వస్తాయి, నిర్వచనాలు వస్తాయి, లెక్కలూ వస్తాయి. కాని కౌంటరు మీద ఒక వస్తువు పెట్టి "దీనికి బిల్లు రాయి" అంటే మనలో చాలామందికి చెయ్యి ఆడదు. నాకూ ఆడలేదు. అలా ఆడని చేత్తోనే పని చేసి మా నాన్నకు కొన్ని వేల రూపాయల నష్టం తెచ్చిపెట్టాను. ఆ అనుభవం ఆధారంగా, కరెంటు సామాన్లను పన్ను కోసం ఎలా విడదీసుకోవాలో నాకు తెలిసినంతలో తోటి విద్యార్థులకు వివరించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

మా దుకాణంలో జరిగింది

తెనాలిలో మాకు ఎలక్ట్రికల్ సామాన్ల దుకాణం ఉంది. తాతయ్య పెట్టినది, ఇప్పుడు నాన్న చూసుకుంటున్నాడు. 2021లో ఇంటర్ అయిపోయిన సెలవుల్లో బిల్లింగు కంప్యూటరులోకి సరుకుల జాబితా ఎక్కించే పని నాకు అప్పజెప్పాడు. నాలుగు వందల పైచిలుకు రకాలు. ఒక్కొక్కదానికి కోడు వెతుకుతూ కూర్చుంటే ఎప్పటికి తెమలాలి? అందుకని నేనొక సులువు కనిపెట్టాననుకున్నాను. సరుకునంతా మూడు గంపల్లో వేశాను. స్విచ్చులు, వైర్లు, ఫ్యాన్లు 18 శాతం గంపలో, ఎల్.ఇ.డి. బల్బులు, సబ్‌మెర్సిబుల్ పంపులు 12 శాతం గంపలో. ఇన్వర్టరు బ్యాటరీలు 28 శాతం గంపలో. గంపకొక కోడు తగిలించాను. ఆ లెక్కన పంపులకు కూడా బల్బుల కోడే పడింది! పన్ను సరిగ్గానే పడుతోంది గదా అని ఎవరూ పట్టించుకోలేదు.

2022 జులై 18 నుంచి ఎల్.ఇ.డి. బల్బుల మీద, నీటి పంపుల మీద పన్ను 12 నుంచి 18 శాతానికి పెరిగింది. పంపుల కంపెనీ తాలూకు మనిషి ముందే వచ్చి చెప్పడంతో నాన్న వాటిని మాత్రం మార్పించాడు. బల్బులు పాత గంపలోనే ఉండిపోయాయి. నేను అప్పటికి హాస్టల్లో ఉన్నాను.

దీపావళి ముందు మా లెక్కలు చూసే ఆయన పుస్తకాలు తిరగేస్తూ, "కొన్నదేమో 18కి, అమ్మిందేమో 12కి. మధ్యలో ఆరు ఏమైనట్టు?" అని అడిగాడట. అప్పటికి అలా అమ్మిన బల్బుల విలువ 1,80,000 రూపాయలు. దాని మీద 6 శాతం అంటే 10,800. ఇందులో 70,000 రూపాయల సరుకు రిజిస్ట్రేషన్ ఉన్న కాంట్రాక్టర్లకు అమ్మినది; వాళ్ళకు డెబిట్ నోట్లు ఇచ్చి 4,200 రాబట్టగలిగాం. మిగతాది ఇళ్ళకు ఒకటీ రెండూ చొప్పున కొనుక్కుపోయిన బల్బులు. ఆ ఇళ్ళన్నీ తిరిగి "మీ బల్బు తాలూకు ఆరు శాతం ఇవ్వండి" అని అడగగలమా? ఆ 6,600, పైన ఏడాదికి 18 శాతం లెక్కన వడ్డీ నాన్న చేతి డబ్బు. ఆ నెల నా మెస్ బిల్లు రెండు వారాలు ఆలస్యంగా వచ్చింది.

నాన్న నన్ను కోప్పడలేదు. "బల్బు మారలేదు కదమ్మా, రేటే గదా మారింది. నువ్వు రేటును బట్టి సర్దావు, సరుకును బట్టి సర్దలేదు" అన్నాడు. నాకు తెలిసిన వర్గీకరణ శాస్త్రమంతా ఆ మాటలోనే ఉంది. మిగతాది దాని వివరణే.

పాత పద్ధతులు

మన ప్రాంతంలో అమ్మకపు పన్ను కొత్తదేమీ కాదు. కోస్తా, రాయలసీమ జిల్లాలు మద్రాసు రాష్ట్రంలో ఉన్నప్పుడే, 1939లో, అక్కడ సాధారణ అమ్మకపు పన్ను చట్టం వచ్చింది. హైదరాబాదు రాష్ట్రంలో 1950లో వచ్చింది. రాష్ట్రం ఏర్పడ్డాక 1957లో ఆంధ్రప్రదేశ్ సాధారణ అమ్మకపు పన్ను చట్టం అమలయింది. తాతయ్య వ్యాపారమంతా ఆ చట్టం కిందే నడిచింది. అందులో మొదటి షెడ్యూలు సరుకులకు ఒకేచోట పన్ను. రాష్ట్రంలో మొదటి అమ్మకం దగ్గర పన్ను తీరిపోతే తర్వాత అమ్మేవాడికి ఉండదు. అందుకే తాతయ్య కొనుగోలు బిల్లులను ఆస్తి కాగితాల్లా దాచేవాడు. పన్ను ముందే తీరిందని చూపించడానికి ఆయనకున్న రుజువు అదే.

2005 ఏప్రిల్ 1 నుంచి వ్యాట్ వచ్చింది. అప్పుడు నాలుగో షెడ్యూలులో పేరున్న సరుకుకు 4 శాతం, ఏ షెడ్యూలులోనూ పేరు దొరకని సరుకు ఐదో షెడ్యూలులోకి పోయి 12.5 శాతం. అంటే జాబితాలో పేరు కనబడటానికీ కనబడకపోవడానికీ మధ్య ఎనిమిదిన్నర శాతం తేడా. 2017 జులై 1 నుంచి జి.ఎస్.టి. వచ్చి, మాటల జాబితాల స్థానంలో అంకెల కోడును తెచ్చింది.

కోడు ఎలా చదవాలి?

ఈ కోడు పేరు హెచ్.ఎస్.ఎన్. దీనికి మూలమైన పద్ధతిని ప్రపంచ కస్టమ్స్ సంస్థ తయారుచేసింది. 1988 జనవరి 1 నుంచి అమలులో ఉంది. అంతర్జాతీయంగా ఆరంకెలు. మన దేశం మరో రెండంకెలు చేర్చి ఎనిమిది చేసుకుంది. సీలింగ్ ఫ్యాను కోడు 84145120 తీసుకుందాం. 84 అనేది అధ్యాయం, యంత్రాలది. 8414 శీర్షిక, గాలి పంపులూ ఫ్యాన్లూ ఉండే చోటు. 841451 ఉపశీర్షిక, 125 వాట్లకు మించని మోటారు సొంతంగా కలిగిన బల్ల ఫ్యాన్లు, సీలింగ్ ఫ్యాన్ల వంటివి. చివరి 20 మన దేశంలో సీలింగ్ ఫ్యానుకు ఇచ్చుకున్న అంకె.

2021 ఏప్రిల్ 1 నుంచి, వెనకటి సంవత్సరపు టర్నోవరు 5 కోట్లు దాటినవారు బిల్లులో కనీసం ఆరంకెలు, 5 కోట్ల లోపువారు రిజిస్టర్డు వ్యాపారులకిచ్చే బిల్లులో నాలుగంకెలు వేయాలి. మాబోటి దుకాణానికి నాలుగు చాలు. కాని ఆ నాలుగూ సరైనవి కావాలి.

ఒకటి : కరెంటుతో నడిచేదల్లా 85 కాదు

విద్యుత్ పరికరాల అధ్యాయం 85. నేను మొదట చేసిన తప్పు, మా దుకాణంలో ఉన్నదల్లా 85 అనుకోవడం. ఈ వరస చూడండి :

స్విచ్చులు, ప్లగ్గులు, సాకెట్లు, ఎం.సి.బి.లు (1000 వోల్టుల లోపు) – 8536
ఇన్సులేషన్ ఉన్న వైరు, కేబులు – 8544
బల్బులు, ఎల్.ఇ.డి. బల్బులు – 8539
మిక్సీ – 8509
ఇస్త్రీపెట్టె, గీజరు – 8516
ఇన్వర్టరు బ్యాటరీ – 8507
ఫ్యాను – 8414
నీటి పంపు – 8413
దీపాల ఫిట్టింగులు – 9405
కరెంటు మీటరు – 9028
పి.వి.సి. పైపు – 3917
అంటుకునే ఇన్సులేషన్ టేపు – 3919

ఒకే అరలో పక్కపక్కన ఉండే బల్బు 85లోనూ, దాన్ని బిగించే ఫిట్టింగు 94లోనూ ఉన్నాయి. టేపు, పైపు ప్లాస్టిక్ అధ్యాయమైన 39లో ఉన్నాయి. దుకాణం బోర్డు మీద "ఎలక్ట్రికల్స్" అని ఉంటే చాలదు. చేతిలో ఉన్న వస్తువు ఏమిటో చూడాలి.

రెండు : విడిభాగానికి సొంత శీర్షిక ఉంటే అక్కడికే

ఫ్యాను రిపేరుకని ఒకాయన వచ్చి కెపాసిటరు, బేరింగు, రెక్కలు అడిగాడనుకోండి. మూడూ ఫ్యానులోవే గదా అని మూడింటికీ 8414 వేస్తే తప్పు. పదహారో విభాగం కింద ఉన్న రెండో నోటు ప్రకారం, 84, 85 అధ్యాయాల్లో ఏ భాగానికైనా తనదంటూ శీర్షిక ఉంటే అది ఏ యంత్రంలోకి పోయినా అక్కడికే చేరాలి. కాబట్టి కెపాసిటరు 8532, బాల్ బేరింగు 8482. ఫ్యానుకు తప్ప ఇంకెందుకూ పనికిరాని రెక్కలు మాత్రం 8414 కిందనే, విడిభాగాల ఉపశీర్షికలో. అందుకే విభాగం మొదట్లో, అధ్యాయం మొదట్లో ఉండే నోట్లు చదవకుండా శీర్షిక దగ్గరికి పోకూడదని వర్గీకరణ నియమాల్లో మొదటిది చెబుతుంది.

మూడు : ఏ స్థితిలో అమ్ముతున్నామో చూడాలి

కాంట్రాక్టర్లు ఎక్కువగా కొనేది డి.బి., అనగా డిస్ట్రిబ్యూషన్ బోర్డు. ఖాళీ పెట్టె అమ్మితే 8538. ఎం.సి.బి.లు విడిగా అమ్మితే 8536. అవే ఎం.సి.బి.లు రెండో అంతకు మించో పెట్టెలో బిగించి తయారైన బోర్డుగా అమ్మితే 8537. సామాను అదే, స్క్రూలు బిగించామా లేదా అన్నదాన్ని బట్టి కోడు మారింది. నిన్న రాసిన బిల్లును చూసి ఈ రోజు బిల్లు రాసేయడం ఇందుకే ప్రమాదం.

నాలుగు : జనం మాట వేరు, జాబితా మాట వేరు

దుగ్గిరాల వైపు నుంచి వచ్చే రైతు "బోరు మోటారు కావాలి" అంటాడు. మన తెలుగు పల్లెల్లో పంపుసెట్టు మొత్తాన్నీ మోటారు అనే అంటాం. బిల్లులో కూడా మోటారు అని రాసి, మోటార్ల శీర్షిక 8501 వేస్తే పని చెడుతుంది. ఆయన కొనేది నీరు తోడే సబ్‌మెర్సిబుల్ పంపు, దాని శీర్షిక 8413. 2022 జులై మార్పుకు ముందు పంపు మీద 12, విడి మోటారు మీద 18 శాతం ఉండేది. "మోటారు" అన్న ఒక్క మాటకు రైతు ఆరు శాతం ఎక్కువ ఇచ్చుకునేవాడన్న మాట. కొనేవాడి మాట విని వస్తువు అందించాలి. బిల్లు మీద వస్తువు అసలు పేరు రాయాలి.

అలాగని జనం మాటకు విలువ లేదనుకోకండి. చట్టం ఒక పదాన్ని నిర్వచించకుండా వదిలేసినప్పుడు, మామూలు మనుషులూ వర్తకులూ ఆ పదాన్ని ఏ అర్థంలో వాడతారో అదే అర్థమని సుప్రీంకోర్టు 1961లో అకోలా తమలపాకుల వ్యాపారి కేసులో చెప్పింది. తమలపాకు మొక్కకు కాసేదే కాబట్టి కూరగాయ కింద పన్ను మినహాయించాలని ఆయన వాదన. వృక్షశాస్త్రంలో ఎలా ఉన్నా, తమలపాకును కూరగాయ అని ఎవరూ అనరు గదా! కోర్టు ఒప్పుకోలేదు. కాబట్టి వరుస ఇది : ముందు జాబితాలోని మాటలు, నోట్లు; అవి మౌనంగా ఉన్నచోట వాడుక మాట.

ఐదు : కలిపి అమ్మే సరుకు

ఒకే పెట్టెలో రెండు వస్తువులుంటే ఏం చేయాలి? దీనికి నోకియా కేసు మంచి పాఠం. పంజాబు వ్యాట్ చట్టం కింద సెల్‌ఫోనుకు తక్కువ రేటు ఉండేది. ఫోను పెట్టెలోనే ఛార్జరు వస్తుంది కనుక దానికీ అదే రేటని కంపెనీ వాదించింది. ఛార్జరు ఫోనులో భాగం కాదు, అనుబంధ వస్తువు మాత్రమే, దానికి 12.5 శాతమేనని 2014 డిసెంబరులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఒకే పెట్టెలో ఉన్నంత మాత్రాన ఒకే వస్తువు అయిపోదని అర్థం.

జి.ఎస్.టి. చట్టం ఈ చిక్కుకు రెండు మాటలు ఏర్పరచింది. వ్యాపారంలో సహజంగా కలిసే వచ్చేవి కాంపోజిట్ సరఫరా. అందులో ప్రధానమైనదాని రేటే అన్నిటికీ. సహజంగా కలవనివి ఒకే ధరకు కట్టగట్టి అమ్మితే మిక్స్‌డ్ సరఫరా. వాటిలో ఎక్కువ రేటే మొత్తానికి. పండగకు సోలారు లాంతరు, ఇస్త్రీపెట్టె కలిపి ఒకే ధరకు ఆఫరు పెడితే, లాంతరుకు 5 శాతమే అయినా మొత్తం మీద 18 కట్టాలి. విడివిడి ధరలకు అమ్మితే ఆ బాధ లేదు.

ఇంటి మీద సోలారు వ్యవస్థ పెట్టించడానికి ఒక ప్రత్యేక లెక్క ఉంది. సామాను, బిగింపు కలిపి ఒప్పుకుంటే మొత్తం విలువలో 70 శాతాన్ని సరుకుగా, 30 శాతాన్ని సేవగా లెక్కగట్టాలి. లక్ష రూపాయల పనికి 70,000 మీద 5 శాతం 3,500. 30,000 మీద 18 శాతం 5,400. మొత్తం పన్ను 8,900. "ఇది సోలారుకేనండీ, అయిదే వెయ్యండి" అంటూ ఎవరైనా విడిగా వైరు చుట్ట ఒక్కటే కొనబోతే ఒప్పుకోకూడదు. అది 8544లోని వైరే.

బిల్లు నుంచి రిటర్ను దాకా

బిల్లు రాసి గల్లాపెట్టె మూసేస్తే పని అయిపోదు. నెలవారీ దాఖలు చేసేవారు ఆ బిల్లును మరుసటి నెల 11వ తేదీ లోపు జి.ఎస్.టి.ఆర్-1లో చూపించాలి, 20వ తేదీ లోపు 3బి దాఖలు చేసి పన్ను కట్టాలి. మనం చూపించినదే కొన్న కాంట్రాక్టరుకు 2బి పట్టికలో కనబడుతుంది. దాన్ని బట్టే ఆయన తన పన్ను తగ్గించుకుంటాడు. మన తప్పు మన దగ్గరే ఆగదన్న మాట.

జి.ఎస్.టి.ఆర్-1లో 12వ పట్టిక కోడుల వారీ మొత్తాలది. ఏ కోడు కింద ఎంత పరిమాణం, ఎంత విలువ, ఎంత పన్ను అని చూపించాలి. ఇక్కడ మరో చిన్న చిక్కు ఉంది. వైరు 90 మీటర్ల చుట్టగా కొంటాం, మీటర్ల లెక్కన అమ్ముతాం. ఒక బిల్లులో "1", ఇంకో బిల్లులో "20" అని పడితే, చుట్టలూ మీటర్లూ కలిసిపోయి పరిమాణం అర్థం లేకుండా పోతుంది. మేమిప్పుడు వైరును మొదటి నుంచి చివరి దాకా మీటర్లలోనే రాస్తున్నాం. 2025 నుంచి ఈ పట్టికలో కోడును చేత్తో టైపు చేయడానికి లేదు, ఇచ్చిన జాబితాలోంచి ఎంచుకోవలసిందే. రిజిస్టర్డు వ్యాపారులకు అమ్మినవీ మామూలు వారికి అమ్మినవీ వేరువేరుగా చూపించాలి. గంప లెక్కలు ఇక సాగవు.

తప్పు జరిగితే దాచకుండా దిద్దుకునే దారి ఉంది. పన్ను తక్కువ వేస్తే డెబిట్ నోటు, ఎక్కువ వేస్తే క్రెడిట్ నోటు. క్రెడిట్ నోటును ఆ ఆర్థిక సంవత్సరం ముగిశాక వచ్చే నవంబరు 30 లోపు చూపించుకోవాలి, ఈలోగా వార్షిక రిటర్ను వేస్తే అంతకు ముందే.

అన్నీ 18 అయ్యాక ఇదంతా ఎందుకు?

2025 సెప్టెంబరు 22 నుంచి 12, 28 శాతం శ్లాబులు దాదాపుగా పోయాయి. ఇన్వర్టరు బ్యాటరీ, ఏ.సి., పెద్ద టీవీ 28 నుంచి 18కి వచ్చాయి. మా దుకాణంలో ఇప్పుడు దాదాపు అన్నీ 18లోనే ఉన్నాయి. ఇంకా ఈ కోడుల గొడవ ఎందుకని ఒక స్నేహితురాలు నన్ను అడిగింది.

సోలారు ప్యానెళ్ళ సంగతే చూడమన్నాను. 2017లో 5 శాతం, 2021 అక్టోబరు నుంచి 12, 2025 సెప్టెంబరు నుంచి మళ్ళీ 5. వైర్లు, స్విచ్చులు, ఫ్యాన్లు 2017 జులైలో 28, అదే ఏడాది నవంబరు 15 నుంచి 18. రేటును ప్రభుత్వం ఎప్పుడైనా మారుస్తుంది. మార్చినప్పుడు "18 గంపలోవి ఇంత" అని మార్చదు. ఫలానా శీర్షికలోని ఫలానా వస్తువు అని మారుస్తుంది. ఆ వస్తువు మన జాబితాలో ఎక్కడుందో మనకు తెలియకపోతే మళ్ళీ ఎవరి నాన్నో చేతి డబ్బు కట్టాలి.

2023 సంక్రాంతి సెలవుల్లో నేను ఇంటికి పోయి నాలుగు వందల రకాలూ మళ్ళీ రాశాను. ఈసారి ఒక్కో వస్తువూ చేత్తో పట్టుకుని, డబ్బా మీద ఏముందో చదివి, శీర్షిక చూసి, నోటు చూసి రాశాను. తొమ్మిది రోజులు పట్టింది. సరఫరాదారు బిల్లులోని కోడుతో పోల్చుకున్నాను కాని గుడ్డిగా దించలేదు. వాళ్ళ దగ్గరా నాలాంటి గంపల వాళ్ళు ఉంటారు. 2025 సెప్టెంబరు 22 ఉదయం నాన్న ఫోను చేశాడు. "8507 దగ్గర ఒక్కచోట మార్చానమ్మా, బ్యాటరీలన్నీ మారిపోయాయి. నువ్వు రానక్కర్లేదు" అన్నాడు.

మిత్రులకు నా సలహా ఒక్కటే. పరీక్ష ముందు సెక్షన్లు చదివేటప్పుడు, మీ వీధిలో ఉన్న కరెంటు సామాన్ల దుకాణానికి ఒక పూట వెళ్ళండి. ఏవైనా పది వస్తువులు ఎంచుకుని, అవేమిటో, ఏ స్థితిలో ఉన్నాయో, కోడేమిటో కాగితం మీద రాయండి. రేటు గడి మాత్రం అన్నిటికన్నా చివర నింపండి.